గుమ్మడికాయ నిలవ ఉండాలంటే: తొడిమ, తోలు, ఆ పది రోజులు

కోసి తెచ్చిన గుమ్మడికాయ మూడు వారాలకే అడుగున మెత్తబడి నీరు కారితే, అందరూ ముందు తప్పుపట్టేది దాన్ని పెట్టిన గదిని. గది మంచిది కాకపోవచ్చు. కానీ చాలాసార్లు తప్పు అంతకు ముందే, పాదు మీదే జరిగిపోయి ఉంటుంది. లేత కాయను ఎంత చల్లని గదిలో పెట్టినా నిలవదు. బాగా ముదిరి, తొడిమ గట్టిగా ఉన్న కాయ మామూలు గదిలోనూ నెలల తరబడి ఉంటుంది. నిలవలో ఎక్కువ భాగం కోతకు ముందే తేలిపోతుంది. మిగిలింది కోశాక వచ్చే మొదటి పది రోజుల్లో తేలుతుంది.

రంగు వేరు, ముదురు వేరు

గుమ్మడికాయ మోసం చేసేది ఇక్కడే. పరాగసంపర్కం జరిగిన సుమారు 20 రోజులకే కాయ దాదాపు పూర్తి సైజుకు వచ్చేస్తుంది. కొన్ని రకాల్లో రంగు కూడా అప్పటికే తిరగడం మొదలవుతుంది. చూడటానికి కోతకు వచ్చినట్టే ఉంటుంది. లోపల మాత్రం గుజ్జులో పిండి పదార్థం ఇంకా చేరుతూనే ఉంటుంది, గింజలు సగం కూడా నిండి ఉండవు. ఆ దశలో కోస్తే ఇంకో నష్టం కూడా ఉంది. కోసిన తరవాత కూడా గింజలు పెరగడం ఆపవు, పాదు నుంచి ఆహారం రాదు కాబట్టి గుజ్జులో ఉన్నదాన్నే లాక్కుంటాయి. తొందరపడి కోసిన కాయ చప్పగా, నీళ్ళగా ఉండటానికి ఇదే కారణం.

అందుకే లెక్క పువ్వు నుంచి వేయాలి. ఆడపువ్వు విచ్చి పిందె నిలిచిన రోజును ఒక చీటీ మీద రాసి ఆ కణుపు దగ్గర కడితే తరవాత ఊహాగానాలు ఉండవు. మామూలు గుండ్రటి రకాలకు ఆ రోజు నుంచి 45 నుంచి 55 రోజులు పడుతుంది. బటర్‌నట్ లాంటి మెడ ఉన్న రకాలకు 55 నుంచి 60 రోజులు పట్టవచ్చు. గింజల పొట్లం మీద రాసే రోజుల లెక్క సాధారణంగా విత్తినప్పటి నుంచో, నారు నాటినప్పటి నుంచో ఉంటుంది. అది ఒక్కో కాయకు పనికిరాదు, ఎందుకంటే ఒకే పాదు మీద కాయలు వారాల తేడాతో నిలుస్తాయి.

రోజుల లెక్క లేకపోతే గుర్తులు చూడాలి. ఒక్క గుర్తును నమ్మి కోయకండి, కనీసం మూడు కలవాలి.

మొదటిది తోలు. గోరు ఆనించి నొక్కితే దిగకూడదు, గుంట కూడా పడకూడదు. పరీక్ష పేరుతో ప్రతి కాయకూ గోరు గుచ్చుతూ పోతే మీరే కుళ్ళుకు దారి తీసినట్టవుతుంది. నొక్కి చూడండి, గీకవద్దు. రెండోది మెరుపు. లేత కాయ తోలు నూనె రాసినట్టు మెరుస్తుంది, ముదిరేకొద్దీ ఆ మెరుపు చచ్చిపోయి మసకగా అవుతుంది. మూడోది నేలకు ఆనిన చోట ఉండే మచ్చ. తెల్లగా లేదా లేత ఆకుపచ్చగా ఉన్నది క్రమంగా ముదురు మీగడ రంగుకో పసుపు నారింజకో తిరుగుతుంది. ముదిరినా పచ్చగానే ఉండే కబోచా లాంటి రకాలకు ఈ మచ్చే ముఖ్యమైన ఆధారం. నాలుగోది కాయ ఉన్న కణుపు దగ్గరి నులితీగ, అది ఎండి గోధుమ రంగుకు రావాలి. ఇది సాయం చేసే గుర్తే తప్ప సాక్ష్యం కాదు. నీళ్ళు తక్కువైనా నులితీగ ఎండుతుంది.

తట్టి చూసి బోలు శబ్దం వస్తే పండినట్టే అనే మాట బాగా ప్రచారంలో ఉంది. నా లెక్కలో అది అన్నిటికంటే బలహీనమైన పరీక్ష. కాయ సైజును బట్టి, లోపలి ఖాళీని బట్టి శబ్దం మారిపోతుంది.

అన్నిటికంటే నమ్మదగినది తొడిమ. అయితే రకాన్ని బట్టి దాన్ని చదివే తీరు మారుతుంది. కుకుర్బిటా మాక్సిమా జాతి (పెద్ద గుమ్మళ్ళు, హబ్బర్డ్, కబోచా) తొడిమ లావుగా, గుండ్రంగా ఉండి, ముదిరేసరికి బెండులా మారి సన్నని పగుళ్ళు వేస్తుంది. కుకుర్బిటా పెపో జాతి తొడిమ కోణాలు తేలి, గట్టి కర్రలా అవుతుంది. మాస్కేటా జాతి (బటర్‌నట్ ఇందులోదే) తొడిమ అయిదు పలకలుగా ఉండి, కాయను కలిసే చోట గొడుగులా విచ్చుకుంటుంది. ముదిరాక అది ఆకుపచ్చ వదిలి గోధుమ రంగుకు వచ్చి గట్టిపడుతుంది. తొడిమ ఇంకా రసంతో, నవనవలాడుతూ ఉంటే, కాయ ఎంత రంగు తిరిగినా వారం ఆగండి.

పాదు మీద ఆఖరి నెల

పాదుకు ఎన్ని కాయలు వదలాలనేది రకాన్ని బట్టి ఉంటుంది. పెద్ద కాయల రకానికి రెండు మూడు, చిన్న రకాలకు నాలుగైదు చాలు. చలి మొదలయ్యే రోజుకో, పాదు తీసేయాలనుకున్న రోజుకో 50 రోజులు వెనక్కి లెక్కపెట్టండి. ఆ తేదీ దాటాక వచ్చిన పువ్వులూ పిందెలూ ముదరవు. వాటిని తుంచేసి, తీగ చివర్లు కూడా గిల్లేస్తే ఆహారం ఉన్న కాయలకు పోతుంది. తుంచిన లేత పిందెలు కూరకు బాగుంటాయి, కాబట్టి నష్టమేమీ లేదు.

ఈ దశలో నత్రజని ఎరువు వేస్తే పాదు మళ్ళీ ఆకు మీదకు మళ్ళుతుంది, కాయ ముదరడం వెనక్కి పోతుంది. నీళ్ళు కోతకు వారం పది రోజుల ముందు తగ్గించాలి. ఒక్కసారిగా ఆపేసి తీగ వాడిపోయేలా చేయడం మాత్రం తప్పు, ఆకులు బతికి ఉన్నంతవరకే కాయలోకి ఆహారం చేరుతుంది. నేలను బాగా ఎండనిచ్చి ఒకేసారి నీళ్ళు నింపినా కాయ పగులుతుంది.

కాయ కింద తడి మట్టి లేకుండా చూడండి. చెక్క ముక్క, పెంకు, మందంగా పరిచిన ఎండు గడ్డి, ఏదైనా సరే. గడ్డి తడిసి కుళ్ళితే మారుస్తూ ఉండాలి, లేదంటే మట్టికంటే అదే ఎక్కువ చెరుపు చేస్తుంది. కింద ఏదైనా పెట్టేటప్పుడు కాయను మెలితిప్పకండి. తొడిమ దగ్గర చిన్న చిట్లు పడినా కాయ అక్కడితో ఆగిపోతుంది.

బూడిద తెగులును ఆఖర్లో ఇంకేం చేస్తుందిలే అని వదిలేస్తుంటారు. అది కాయ తోలును నేరుగా తినదు, నిజమే. కానీ ఆకులు పోతే రెండు దెబ్బలు తగులుతాయి. గుజ్జులో తీపి తగ్గుతుంది, తొడిమ సన్నబడి ముడుచుకుపోతుంది. పైగా ఆకుల నీడ పోయిన కాయ మీద నేరుగా ఎండ పడి తోలు తెల్లగా కాలి, తరవాత అదే చోట బూజు దిగుతుంది. ఆకులు పలచబడితే కాయ మీద గడ్డి పరచండి, లేదా పాత గుడ్డ కప్పండి.

కోత

మంచు ఆరిపోయిన తరవాత, పొడిగా ఉన్న రోజున కోయాలి. వాన పడి ఉంటే రెండు రోజులు ఆగడం మంచిది. పదునైన కత్తెర వాడండి. మెలితిప్పి లాగితే తొడిమ కాయ దగ్గరే ఊడుతుంది, ఆ గుంట ఎప్పటికీ సరిగా మూసుకోదు. తొడిమ 7 నుంచి 10 సెంటీమీటర్లు మిగిలేలా కోయాలి. మాక్సిమా జాతి బెండు తొడిమలు పొడుగ్గా ఉంటే పక్క కాయలకు గుచ్చుకుంటాయి, నెమ్ము కూడా పట్టుకుంటాయి. వాటికి 2, 3 సెంటీమీటర్లు చాలు. తెగులు పట్టిన తీగ నుంచి కోసినప్పుడు ఆ కత్తెరను స్పిరిట్‌తో తుడిచాకే తరవాతి కాయకు పెట్టండి.

తొడిమను పట్టుకుని కాయను ఎత్తకండి. తొడిమ ఆ బరువు మోయడానికి పుట్టినది కాదు. కింద రెండు చేతులూ పెట్టి ఎత్తి, మెత్తటి గోనె మీద దించండి. ఒక కాయ మీద ఇంకోటి విసిరితే పైకి ఏమీ కనబడదు, లోపల గుజ్జు నలిగిపోతుంది. నెల తిరిగేసరికి సరిగ్గా అక్కడే మెత్తబడుతుంది.

తొడిమ ఊడిపోయిన కాయలూ, చిట్లినవీ, పురుగు తొలిచినవీ, పండు ఈగ పొడిచిన చుక్కలు ఉన్నవీ నిలవ కుప్పలోకి రాకూడదు. వాటిని విడిగా పెట్టి ముందు వండుకోండి. ఊడిన చోట మైనం పూస్తే నిలుస్తుందని కొందరంటారు. అప్పటికే లోపలికి చేరిన బూజును మైనం లోపలే బంధిస్తుంది, అంతే.

క్యూరింగ్ అంటే ఎండబెట్టడం కాదు

ఎక్కువమంది తడబడేది ఈ మాట దగ్గరే. కాయను వెచ్చని, గాలి ఆడే చోట కొన్నాళ్ళు ఉంచి, తోలు మీది గాయాలు మానేలా, తొడిమ కోసిన మొన మూసుకునేలా చేయడమే క్యూరింగ్. కోసిన గాయం దగ్గరి కణాలు ఇంకా బతికే ఉంటాయి. వెచ్చదనం ఉంటే అవి బెండులాంటి పొరను తయారుచేసి గాయాన్ని కప్పేస్తాయి. ఆ పని చేయాలంటే గాయం పూర్తిగా ఎండిపోకూడదు. మరీ పొడి గాలిలో పెడితే గాయం పైన పొక్కు కడుతుంది, కింద మాత్రం పొర తయారవదు.

పుస్తకాల్లో చెప్పే కొలత 27 నుంచి 29 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 80 నుంచి 85 శాతం, 10 రోజులు. ఇంట్లో అంత ఖచ్చితంగా కుదరదు, కుదరాల్సిన అవసరమూ లేదు. 24 నుంచి 32 మధ్య వెచ్చదనం, కాయల చుట్టూ గాలి కదలిక, పైన తడి నిలవకపోవడం, ఈ మూడూ ఉంటే చాలు. గాలిలో తేమ ఉండటం వేరు, కాయ మీద నీటి చుక్కలు ఉండటం వేరు. రెండోది బూజుకు ఆహ్వానం.

పగలు 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండి వాన లేని చోట, కోసిన కాయలను అక్కడే చెక్కల మీద వరసగా పెట్టి, సాయంత్రం మంచు పడకముందు కప్పి, పొద్దున కప్పు తీస్తే సరిపోతుంది. ఎండ 35 దాటే చోట ఈ పద్ధతి పనికిరాదు. నేరుగా ఎండ తగిలే తోలు గాలికంటే చాలా ఎక్కువ వేడెక్కి, కాలి, కణాలు చచ్చిపోతాయి. అక్కడ వసారా నీడే సరైన స్థలం. చలి ప్రాంతాల్లో వెచ్చగా ఉండే వంటగది మూల, గాజు గది, పొయ్యికి కాస్త దూరంగా ఉన్న అర పనికొస్తాయి. 20 డిగ్రీల గదే దొరికితే రోజులు 10కి బదులు 15, 20 చేయండి.

కాయలు ఒకదానికొకటి తగలకూడదు. రెండు మూడు రోజులకొకసారి తిప్పాలి. నేలకు ఆనిన వైపు ఎప్పుడూ వెనకబడి ఉంటుంది కాబట్టి మొదటి రెండు రోజులు దాన్నే పైకి పెట్టండి.

కడగాలా వద్దా? మట్టి పొడిగా ఉంటే పొడి గుడ్డతో తుడిస్తే చాలు. బురద అంటుకుని, బూజు భయం ఉంటే ఒక వంతు బట్టల బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, ఆ నీళ్ళలో తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరేలా తుడవండి. తొడిమ మొదట్లోని పల్లంలో నీరు నిలుస్తుంది, అక్కడ ప్రత్యేకంగా చూడాలి. ఏం చేసినా క్యూరింగ్‌కు ముందే చేయాలి. నిలవ పెట్టిన తరవాత కడగడం అనవసరపు కష్టం, నష్టం కూడా. బూడిద గుమ్మడి సంగతి వేరు. దాని మీది తెల్లటి బూడిదే కాయలోని నీరు పోకుండా కాపాడే మైనపు పూత. దాన్ని తుడవకండి, వీలైనంత తక్కువగా తాకండి.

అన్ని రకాలకూ క్యూరింగ్ అక్కర్లేదు. ఏకార్న్ లాంటి చిన్న పెపో రకాలకు ఆ వెచ్చదనం మేలుకంటే కీడే చేస్తుంది, గుజ్జు త్వరగా పీచు పడుతుంది. వాటిని నేరుగా చల్లని చోటికి పంపండి.

అయిపోయిందని ఎలా తెలుస్తుంది? తొడిమ కోసిన మొన పూర్తిగా ఎండి, చిన్న గీతలు గోధుమ రంగు గరుకు గీతలుగా మారి, తోలు గోటికి రాయిలా తగులుతుంది. అంతటితో ఆపాలి. నిలవ ఉండే కాయే కదా అని నెలంతా వెచ్చగా ఉంచితే కాయ ఊపిరి పీల్చే వేగం తగ్గదు, లోపలి పిండి, నీరు ఖర్చవుతూనే ఉంటాయి.

ముదరని కాయలు మిగిలితే

చలి ముంచుకొచ్చినా, తీగ చచ్చినా కాయలు కోయక తప్పదు. రంగు తిరగడం మొదలైనవాటికి ఆశ ఉంది. తొడిమతో పాటు కాస్త తీగ కూడా వదిలి కోసి, 24 నుంచి 30 డిగ్రీల వెలుతురు ఉన్న చోట పెట్టి, రెండు రోజులకొకసారి తిప్పితే రెండు మూడు వారాల్లో రంగు నిండుతుంది. అయితే నిండేది రంగే. గుజ్జులో అప్పటికి చేరిన పిండి తీపిగా మారుతుందే కానీ కొత్తగా ఏమీ చేరదు. రంగు చూసి నిలవ వరసలో పెట్టకండి, నెలలోపు వాడేయండి. గోరు ఇట్టే దిగే పచ్చి కాయకు ఇదంతా దండగ. లేత కాయలా కూర చేసుకోవడమే దానికి న్యాయం.

గడ్డకట్టే మంచు తగిలిన కాయ తోలు మీద నీళ్ళు పట్టినట్టు నల్లటి మరకలు వస్తాయి. అది నిలవదు. గడ్డకట్టకపోయినా 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో గడిపిన ప్రతి రోజు దెబ్బా కాయలో పోగవుతూ పోతుంది. ఆ దెబ్బ వెంటనే కనిపించదు, వారాల తరవాత తోలు మీద చిన్న గుంటలుగా బయటపడి, వాటిలో నల్ల బూజు మొదలవుతుంది.

నిలవ

క్యూరింగ్‌కు వెచ్చదనం కావాలి, నిలవకు చల్లదనం కావాలి. 10 నుంచి 13 డిగ్రీలు, గాలిలో తేమ 50 నుంచి 70 శాతం, చీకటి, గాలి కదలిక. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ముక్కలు చేయని కాయను అందులో పెట్టడం పొరపాటు, పైన చెప్పిన చలి దెబ్బే తగులుతుంది. పైకప్పు కింది అటక కూడా వద్దు, పగటి వేడంతా అక్కడే చేరుతుంది.

ఒకే వరసగా పెట్టండి. సిమెంటు నేల మీద నేరుగా పెడితే అడుగున చెమ్మ చేరుతుంది. చెక్క పలక, మడిచిన అట్ట, గుండ్రటి కాయలకు గడ్డితో చుట్టిన చుట్టకుదురు, ఏదైనా సరే కింద గాలి ఆడాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టకండి. పండుతున్న ఆపిల్, అరటి లాంటివి అదే గదిలో ఉంచవద్దు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పచ్చ తోలు రకాలను పసుపు చేస్తుంది, తొడిమలను ఊడగొడుతుంది.

ఈ పరిస్థితుల్లో మామూలు గుమ్మళ్ళు రెండు మూడు నెలలు, బటర్‌నట్ కూడా అంతే లేదా కొంచెం ఎక్కువ, హబ్బర్డ్ రకాలు అయిదారు నెలలు ఉంటాయి. ఏకార్న్‌ను అయిదు నుంచి ఎనిమిది వారాల్లో వాడేయాలి. గది 25, 30 డిగ్రీలు ఉంటే ఈ గడువులు బాగా కుదించుకుపోతాయి. అక్కడ కాయ కుళ్ళకముందే బరువు తగ్గి, గుజ్జు పీచుగా మారుతుంది, ఒక్కోసారి లోపల గింజలు మొలకెత్తుతాయి కూడా. అలాంటి ఇంట్లో ఉన్నవాటిలో చల్లని మూల వెతకండి, వారానికి రెండుసార్లు చూడండి.

చూడటమంటే దూరం నుంచి చూడటం కాదు. చేత్తో ఎత్తి, అడుగున వేలితో నొక్కాలి. మొదట మెత్తబడేవి రెండే చోట్లు: తొడిమ చుట్టూ ఉన్న పల్లం, పువ్వు రాలిన అడుగు కొస. చెమటలాంటి చుక్కలు, పులిసిన వాసన, సైజుకు తగని తేలిక బరువు కూడా గుర్తులే. మెత్తబడినదాన్ని వెంటనే వేరు చేసి, పక్కన ఉన్నవాటిని పొడి గుడ్డతో తుడిచి చోటు మార్చండి. తోలు మీద గుండ్రంగా గోధుమ రంగు వలయాలు లేచి నల్లబడుతూ పోతే అది తోట నుంచే వచ్చిన నల్ల కుళ్ళు. దానికి నిలవలో మందు లేదు. తరవాతి పంట గుమ్మడి జాతిని రెండు మూడేళ్ళపాటు వేరే మడిలో వేయడమే దారి.

కోసిన వెంటనే రుచి చూసి పెదవి విరవకండి. కబోచా, బటర్‌నట్ లాంటి రకాల్లో పిండి నెమ్మదిగా చక్కెరగా మారుతుంది. మూడు నాలుగు వారాలు ఆగితే తీపి తేలిగ్గా తెలుస్తుంది. మరీ ఆగితే పిండితనం పోయి గుజ్జు నీళ్ళగా అవుతుంది. అందుకే వాడకానికి వరస ముఖ్యం: ముందు తొడిమ లేనివీ గీతలు ఉన్నవీ, తరవాత పెపో రకాలు, ఆపైన మాక్సిమా, మాస్కేటా.

కోసిన ముక్కలను గింజలు, పీచు తీసేసి కప్పి ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంచవచ్చు. అంతకు మించితే ఉడికించి, మెదిపి, ఫ్రీజర్‌లో పెట్టండి. విత్తనానికి గింజలు కావాలంటే పాదు నుంచి కోసిన తరవాత కనీసం 3 వారాలు కాయలోనే ఉంచి తీయాలి, ఆలోగా అవి ఇంకా నిండుతాయి. దగ్గర్లో అదే జాతి అలంకారపు కాయల తీగ ఉండి పరాగం కలిసి ఉంటే మాత్రం ఆ గింజలు దాచవద్దు. వాటి నుంచి వచ్చే కాయలు చేదుగా ఉండవచ్చు. గుమ్మడిలో ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విష పదార్థానిది, వండినా పోదు. పచ్చి ముక్క నాలుక కొసకు తాకగానే చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి.